ల్యాప్ ఆపరేషన్ తర్వాత ఊపిరి: మూడు బంతుల పరికరమా, పొట్టతో ఊపిరా, నడకా, ఎవరికి ఏది?

ముందు నా సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. గాల్‌బ్లాడర్‌లో రాళ్లకో, హెర్నియాకో, గర్భసంచికో ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్, వాడుకలో ల్యాప్) చేయించుకున్న మామూలు ఆరోగ్యవంతులు ఊపిరి కోసం డబ్బు పెట్టి కొనాల్సింది ఏమీ లేదు. కూర్చుని, పొట్ట ముందుకు వచ్చేలా నెమ్మదిగా తీసుకునే లోతైన ఊపిరి, వీలైతే ఆపరేషన్ రోజు సాయంత్రమే మంచం దిగి నాలుగడుగులు వేయడం, ఈ రెండూ చేయనిచ్చేంత నొప్పి మందు, ఇవి చాలు. గాలి పీల్చి బంతులు లేపే మూడు బంతుల పరికరం, అంటే స్పైరోమీటర్, వీటి తర్వాతే. ఇంట్లో ఉంటే వాడండి, లేకపోతే బాధపడకండి. ఊబకాయం ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు, ఆస్తమా, సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసం పెట్టే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లు, డెబ్బై దాటిన పెద్దవాళ్లు మాత్రం ఈ ఒక్క మాటతో ఆగిపోకుండా చివరిదాకా చదవండి, మీ లెక్క వేరు.

ఫిజియోథెరపిస్టుగా సర్జరీ వార్డుల్లో నేను ఎక్కువగా వినే ప్రశ్న "ఏ మెషీన్ కొనమంటారు?" అనేదే. అడిగేవాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది, లోపల ఆపరేషన్ అయిన మనిషి కోసం బయట కూర్చున్న కొడుకో కోడలో ఏదో ఒకటి చేయాలనుకుంటారు, చేతిలో ఒక వస్తువు ఉంటే కాస్త ధైర్యం. కానీ ఇక్కడ ఎంచుకోవాల్సింది వస్తువును కాదు. ఆపరేషన్ తర్వాత పని తగ్గించుకున్న ఒక కండరం ఉంది, దాన్ని మళ్లీ కిందకి దింపే పద్ధతి ఏదో అదే సరైన ఎంపిక.

చిన్న రంధ్రాలే కదా, ఊపిరికేం సంబంధం?

ఛాతీకి, పొట్టకి మధ్య గొడుగులా పరుచుకున్న కండరం డయాఫ్రమ్. ప్రశాంతంగా ఉన్నప్పుడు మనం తీసుకునే ఊపిరిలో ఎక్కువ పని దానిదే. అది కిందకి దిగితే ఊపిరితిత్తుల అడుగు భాగాలు తెరుచుకుంటాయి.

ల్యాప్రోస్కోపీలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల మెర్క్యురీ ఒత్తిడితో. కెమెరాకి, పరికరాలకి చోటు కావాలంటే అంత తప్పదు. ఆ గాలి డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది. దానికి తోడు మత్తు మందు, కండరాలను వదులు చేసే మందు, వెల్లకిలా పడుకుని ఉండటం. జనరల్ అనస్థీషియా తీసుకున్న వాళ్లలో చాలామందికి ఊపిరితిత్తుల కింది భాగంలో కొంత మేర గాలి గదులు మూసుకుపోతాయి, దీన్నే డాక్టర్లు అటెలెక్టసిస్ అంటారు. గర్భసంచి ఆపరేషన్‌లో అయితే తల కిందకి, కాళ్లు పైకి ఉండేలా బల్లను వంచుతారు కాబట్టి ఆపరేషన్ జరుగుతున్నంతసేపు పేగుల బరువు కూడా డయాఫ్రమ్ మీదే పడుతుంది.

ఇంతవరకు ఆపరేషన్ బల్ల మీద సంగతి. అసలు విషయం తర్వాత ఉంది. పైపొట్టలో, అంటే గాల్‌బ్లాడర్, జీర్ణాశయం, కాలేయం దగ్గర చేయి పెడితే అక్కడి నాడుల నుంచి వెళ్లే సంకేతాల వల్ల మెదడు డయాఫ్రమ్‌కి పంపే ఆదేశాన్నే తగ్గించేస్తుంది. కండరానికి దెబ్బ తగలదు, నరం తెగదు, ఆదేశం తగ్గుతుంది, అంతే. దీన్ని నొప్పి వల్ల వచ్చే భయం అనుకుంటారు చాలామంది. కానీ 1980ల్లోనే, పెద్ద కోతతో పైపొట్ట ఆపరేషన్ చేసిన వాళ్లకి వెన్నులోకి ఎపిడ్యూరల్ మందు ఇచ్చి నొప్పి బాగా తగ్గించి చూస్తే, నొప్పి పోయింది కానీ డయాఫ్రమ్ పని మాత్రం తిరిగి రాలేదు. అందుకే "నాకు నొప్పి లేదు, ఇక ఎక్సర్‌సైజులు ఎందుకు" అనే మాట నేను ఒప్పుకోను.

అప్పుడు ఊపిరి ఛాతీ పైభాగానికి మారిపోతుంది. పొట్ట కదలదు, భుజాలు లేస్తుంటాయి, ఊపిరి చిన్నగా త్వరత్వరగా నడుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి తనకు తెలియకుండానే గంటకు చాలాసార్లు ఒక పెద్ద నిట్టూర్పు తీసుకుంటాడు, మూసుకుపోబోతున్న గాలి గదులు దాంతోనే తెరుచుకుంటాయి. మత్తు ప్రభావంలో, మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి బలమైన నొప్పి మందుల ప్రభావంలో ఆ నిట్టూర్పులు బాగా తగ్గిపోతాయి. మనం నేర్పే లోతైన ఊపిరి ఆ పోయిన నిట్టూర్పుకి బదులుగా కావాలని తీసుకునేది.

పెద్ద కోతతో పోలిస్తే ల్యాప్ చాలా నయం, ఇందులో సందేహం లేదు. కోతతో గాల్‌బ్లాడర్ తీసిన మర్నాడు ఒకేసారి బలంగా ఊదగలిగే గాలి దాదాపు సగానికి పడిపోతుంది, కోలుకోవడానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ల్యాప్‌లో ఆ తగ్గుదల పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉండి, కొద్ది రోజుల్లోనే సర్దుకుంటుంది. ఇక అపెండిక్స్, గజ్జల్లో హెర్నియా లాంటి కిందిపొట్ట ల్యాప్ ఆపరేషన్లలో డయాఫ్రమ్ అసలు పెద్దగా తగ్గదు. కాబట్టి "మా బావగారికి హెర్నియా అయింది, మర్నాడే పరిగెత్తాడు" అన్న మాట విని గాల్‌బ్లాడర్ తీయించుకున్న మీ అమ్మగారితో పోల్చకండి, రెండూ ల్యాపే అయినా డయాఫ్రమ్ దృష్టిలో వేర్వేరు ఆపరేషన్లు.

ఇక్కడే ఒక చిక్కు. ల్యాప్ అయిన వాళ్లను మర్నాడో, కొన్నిచోట్ల అదే రోజో ఇంటికి పంపేస్తారు. డయాఫ్రమ్ ఇంకా పూర్తిగా తేరుకోని రెండో రోజు, మూడో రోజు ఇంట్లోనే గడుస్తాయి. నర్సు ఉండరు, ఫిజియో ఉండరు, "ఆపరేషన్ అయిన మనిషివి, కదలకు" అనే చుట్టాలు ఉంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఊపిరితిత్తులకు అంతకంటే చెడ్డ సలహా లేదు.

ఆక్సీమీటర్ అంకెను ఎంత నమ్మాలి?

2021లో కోవిడ్ రెండో వేవ్ అప్పుడు మన ఊళ్లలో పల్స్ ఆక్సీమీటర్, మూడు బంతుల పరికరం దొరకడమే కష్టమైంది, ఇప్పుడవి చాలా ఇళ్లలో బీరువాలో పడి ఉన్నాయి. ఉన్నవాటిని వాడండి, కానీ ఏది దేనికో తెలుసుకుని వాడండి.

ఆక్సీమీటర్ హెచ్చరిక కోసం. కోలుకోవడాన్ని కొలవడానికి అది పనికిరాదు. ఊపిరితిత్తుల అడుగు భాగం కొంత మూసుకుపోయినా మిగతా భాగం సర్దుకుని 96, 97 చూపించగలదు. ముక్కుకి ఆక్సిజన్ పైపు పెట్టి ఉంటే మరీ కనిపించదు: గాలి గదులు మూసుకునే ఉంటాయి, మందుల వల్ల ఊపిరి తగ్గే ఉంటుంది, అంకె మాత్రం అందంగా ఉంటుంది. అందుకే ఆక్సిజన్ పెట్టారు కదా అని ఊపిరి వ్యాయామం మానేయడం పొరపాటు. ఆక్సిజన్ రక్తంలో లోటును పూడుస్తుంది, మూసుకున్న గదిని తెరవదు.

ఇంకో సంగతి. 97 నుంచి 94కి దిగితే పెద్ద తేడా లేదనిపిస్తుంది, కానీ 90 దగ్గర నుంచి కిందికి జారడం చాలా వేగంగా ఉంటుంది. 90 శాతం అంటే రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి ఇంచుమించు 60 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి ఆ ఒత్తిడి కాస్త తగ్గినా శాతం నిటారుగా కిందికి పడుతుంది. అందుకే 90 దాకా ఆగి చూద్దాం అనుకోకూడదు.

ఆపరేషన్‌కి ముందే, మామూలుగా ఉన్నప్పుడు, రెండు మూడు సార్లు చూసి మీ అంకె రాసి పెట్టుకోండి. తర్వాత వచ్చే అంకెకి అర్థం దాంతోనే తెలుస్తుంది. నెయిల్ పాలిష్ తీసేయండి, గోరింటాకు బాగా నల్లగా పండి ఉంటే వేరే వేలికి పెట్టండి, చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి, పెట్టగానే కనిపించిన అంకె కాకుండా నిమిషం ఆగి నిలకడగా ఉన్న అంకె చూడండి. ఈ పరికరానికి రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ సహజం, చామనఛాయ, నలుపు చర్మం మీద ఒక్కోసారి అసలు కంటే ఎక్కువ చూపిస్తుందని కూడా తెలిసిందే. అందుకే మనిషిని చూడటం మానేసి అంకెనే చూస్తూ కూర్చోకండి.

పొట్టతో ఊపిరి: ఖర్చు లేదు, నా మొదటి ఓటు

దిండ్లు పెట్టి వీపు ఆనించి కూర్చోబెట్టండి, కుర్చీ అయితే ఇంకా మంచిది. వెల్లకిలా పడుకుంటే పొట్టలోని అవయవాలు డయాఫ్రమ్ మీదకి వస్తాయి, ఊపిరితిత్తుల్లో మిగిలి ఉండే గాలి తగ్గుతుంది. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డుకి పైన. ముందు మెల్లగా గాలి వదిలేసి, ముక్కుతో నెమ్మదిగా పీల్చాలి, పొట్ట మీది చెయ్యి ముందుకు రావాలి, ఛాతీ మీది చెయ్యి దాదాపు అలాగే ఉండాలి. నిండాక మూడు సెకన్లు ఆపి వదలాలి. ఆ ఆపడమే ముఖ్యం, మూసుకున్న గదుల్లోకి గాలి చేరడానికి వ్యవధి కావాలి. మూడు నాలుగు ఊపిర్లు తీసుకుని కాస్త ఆగి మళ్లీ, ఎడతెరిపి లేకుండా చేస్తే తల తిరుగుతుంది. మెలకువగా ఉన్నంతసేపు గంటకో పది. పొద్దున ఒక్కసారే యాభై చేసేసి రోజంతా పడుకోవడం వల్ల లాభం లేదు, ఎందుకంటే గదులు మళ్లీ మూసుకుంటాయి.

చివర్లో ఒక దగ్గు. చిన్న దిండును రంధ్రాల మీద అదిమి పట్టుకుని దగ్గితే కుట్లు లాగినట్టుండదు. "దగ్గితే కుట్లు ఊడతాయి" అనే భయంతో కఫం లోపలే ఉంచుకునేవాళ్లు చాలామంది. చిన్న రంధ్రాల కుట్లకి దిండు అదిమి దగ్గే దగ్గుతో అంత ప్రమాదం లేదు, లోపల మిగిలిన కఫంతోనే ఎక్కువ ప్రమాదం.

ఈ పద్ధతికి ఉన్న లోపం ఒకటే: చేశారో లేదో, సరిగ్గా చేశారో లేదో ఎవరికీ కనిపించదు. పెద్దవాళ్లు "చేశానమ్మా" అంటారు. పక్కన ఒకరు కూర్చుని వాళ్ల పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలి.

మూడు బంతులా, పిస్టన్ లేచేదా?

స్పైరోమీటర్‌లో రెండు రకాలున్నాయి, మెడికల్ షాపులో అడిగితే చేతికిచ్చేది దాదాపు ఎప్పుడూ మూడు బంతులదే. దాని మీద 600, 900, 1200 అని ఉంటుంది. ఇవి మీ ఊపిరితిత్తుల్లో పట్టే గాలి అనుకుంటారు అందరూ. కాదు, అవి వేగాలు: సెకనుకి అన్ని సీసీల వేగంతో పీలిస్తే ఆ బంతి లేస్తుంది. ఈ తేడా తెలియకపోతే పరికరం ఉన్నా ఉపయోగం ఉండదు. లెక్క చూడండి. ఒక్క ఊపున గట్టిగా లాగి అర సెకను పాటు మూడో బంతి లేపితే లోపలికి వెళ్లింది 600 సీసీ. అదే నెమ్మదిగా మొదటి బంతిని మాత్రమే లేపి మూడు సెకన్లు నిలబెడితే వెళ్లింది 1800. మూడు బంతులూ టకటకా లేపి "చూడండి, నాకు తగ్గిపోయింది" అని సంబరపడే వ్యక్తి కంటే ఒక్క బంతిని నిలబెట్టిన వ్యక్తి ఊపిరితిత్తులే ఎక్కువ తెరుచుకున్నాయి. గట్టిగా లాగేటప్పుడు పనిచేసేవి మెడ, ఛాతీ కండరాలు, మనం పని చేయించాలనుకున్న డయాఫ్రమ్ కాదు.

రెండో రకంలో ఒక పిస్టన్ ఉంటుంది, మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి, ఎంత గాలి పీలిస్తే అంత పైకి లేస్తుంది. పక్కన వేగం చూపే చిన్న గుర్తు కూడా ఉంటుంది, అది మధ్యలో ఉండేలా పీల్చాలి. అంటే పరికరమే నెమ్మదిగా పీల్చమని నేర్పుతుంది. మంగళూరులో ల్యాప్రోస్కోపీ చేయించుకున్న వాళ్ల మీదే జరిగి 2016లో అచ్చైన ఒక అధ్యయనంలో పొట్టతో ఊపిరి, ఈ పిస్టన్ రకం, బంతుల రకం, ఏదీ చేయని వాళ్లు అని నాలుగు గుంపులు చేసి, డయాఫ్రమ్ ఎంత దిగుతోందో అల్ట్రాసౌండ్‌తో చూశారు. పొట్టతో ఊపిరి తీసుకున్నవాళ్లలో, పిస్టన్ రకం వాడినవాళ్లలో ఫలితం మెరుగ్గా ఉంది, బంతుల రకం వెనకబడింది. మన పక్క రాష్ట్రంలో, మన శరీరాల మీద, సరిగ్గా ఈ ప్రశ్న మీదే జరిగిన పని అది, అందుకే నాకు దాని మీద నమ్మకం ఎక్కువ.

కొత్తగా కొనేట్టయితే పిస్టన్ రకం అడగండి, బంతుల దాని కంటే కొంత ఖరీదు ఉంటుంది. బంతులది ఇంట్లో ఉంటే పారేయకండి: నిటారుగా పట్టుకుని, పెదాలు గట్టిగా మూసి, కొబ్బరి బోండాంలో స్ట్రాతో నెమ్మదిగా పీల్చినట్టు పీల్చి ఒక్క బంతి నిలబెట్టండి, రెండోది కాస్త లేచినా ఫర్వాలేదు, మూడో దాని జోలికి పోవద్దు. అందులోకి ఊదకండి, అది పీల్చడానికి. ఎవరి గొట్టం వాళ్లదే, కోవిడ్ నాటిది అయితే కొత్త గొట్టం వేయండి.

అయితే ఏ స్పైరోమీటర్ అయినా ఒంటరిగా సరిపోదు. పైపొట్ట ఆపరేషన్ల తర్వాత స్పైరోమీటర్ ఒక్కటే వాడితే ఊపిరితిత్తుల సమస్యలు తగ్గుతాయనడానికి బలమైన ఆధారం లేదని 2014 కోక్రేన్ సమీక్ష (ఒకే ప్రశ్న మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసేది) తేల్చింది. మరి ఆసుపత్రుల్లో ఎందుకిస్తారంటే, కనిపించే అంకె ఉంటే మనుషులు గుర్తుపెట్టుకుని చేస్తారు. అది చిన్న లాభం కాదు. చెప్పింది వినని, కానీ పందెం పెడితే చేసే నాన్నగారు మీ ఇంట్లో ఉంటే ఆయనకి ఇదే సరైన ఎంపిక.

నడక

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పోటీ లేనిది కాబట్టి. లేచి నిలబడితేనే పొట్ట బరువు కిందకి జారి డయాఫ్రమ్‌కి చోటు దొరుకుతుంది, నడిస్తే శరీరమే లోతైన ఊపిరి అడుగుతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది, పేగులు కదులుతాయి. మొదటిసారి లేచేటప్పుడు పక్కకి తిరిగి, కాళ్లు కిందకి వేసి, కాసేపు మంచం అంచున కూర్చుని, అప్పుడు లేవాలి, పక్కన ఒకరు ఉండాలి. తర్వాత ఒక్కసారే దూరం నడవడం కంటే రోజుకి ఆరేడు సార్లు వరండాలో కాస్త కాస్త నడవడం మేలు.

ల్యాప్ తర్వాత భుజం నొప్పి వచ్చి చాలామంది టెన్షన్ పడతారు. పొట్టలో మిగిలిన గ్యాస్ డయాఫ్రమ్‌ను చిరాకు పెడుతుంది, డయాఫ్రమ్ నరం మెడ నుంచే వస్తుంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, నడకతో, పొట్టతో ఊపిరితో తేలికవుతుంది. కానీ ఎడమ భుజం, ఛాతీ బిగుతు, చెమటలు కలిసి వస్తే గ్యాస్ అని సరిపెట్టుకోకండి, వెంటనే ఈసీజీ.

"ప్రాణాయామం చేస్తే సరిపోదా?"

సరిపోతుంది, ఏది చేస్తున్నారన్నదాన్ని బట్టి. ముందు నుంచి అలవాటున్న వాళ్లకి నెమ్మదిగా చేసే అనులోమ విలోమ, భ్రామరి మంచివే, లోతైన నెమ్మది ఊపిరే కదా మనకి కావాల్సింది. కపాలభాతి, భస్త్రిక, నౌళి మాత్రం సర్జన్ గారు సరే అనేదాకా వద్దు, పొట్ట కండరాలను కుదిపి లోపలి ఒత్తిడి పెంచేవి అవి. గాలి బిగబట్టి చేసే దీర్ఘ కుంభకం కూడా అంతే.

బెలూన్లు ఊదమని ఎవరైనా చెబితే వినకండి. అది గాలి బయటికి నెట్టే పని, పొట్ట మీద ఒత్తిడి పెడుతుంది, మనకి కావాల్సింది లోపలికి పీల్చడం. ఆవిరి పట్టడం గొంతుకి హాయిగా ఉంటుంది, పట్టుకోండి, కానీ మూసుకున్న గాలి గదిని ఆవిరి తెరవదు.

ఆపరేషన్‌కి ముందే సిద్ధం కావడం: దీన్ని ఎవరూ ఎంచుకోవడం లేదు

నా బాధంతా ఇక్కడే. ఎమర్జెన్సీ కాని ఆపరేషన్లకి తేదీ ముందే తెలుస్తుంది, ముహూర్తం కూడా చూసుకుంటారు, కానీ ఊపిరి నేర్చుకునేది మాత్రం ఆపరేషన్ అయ్యాక, నొప్పిలో, మత్తులో. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో పైపొట్ట పెద్ద ఆపరేషన్లకి వెళ్తున్న 441 మందితో చేసి 2018లో ప్రచురించిన పరిశోధన ఉంది. ఆపరేషన్‌కి ముందు ఒకే ఒక్కసారి, అరగంట పాటు ఫిజియో కూర్చోబెట్టి ఏం జరుగుతుందో చెప్పి ఊపిరి వ్యాయామం నేర్పిన వాళ్లలో ఊపిరితిత్తుల సమస్యలు 12 శాతం, కరపత్రం మాత్రమే ఇచ్చిన వాళ్లలో 27 శాతం. అవి ఎక్కువగా కోత ఆపరేషన్లు, ల్యాప్‌లో అంత తేడా ఉంటుందని నేను చెప్పడం లేదు. కానీ అరగంట మాటకి ఇంత ఫలితం ఇచ్చే మందు నాకు తెలియదు. మీ అనస్థీషియా చెకప్ రోజున "ఫిజియో గారిని ఒకసారి కలవచ్చా" అని అడగండి. కాదనరు.

దీనికంటే ఒక మెట్టు పైన పీల్చే కండరాల శిక్షణ, ఐఎంటీ అంటారు. స్ప్రింగ్ ఉన్న చిన్న పరికరంలోంచి అడ్డంకికి ఎదురుగా పీల్చాలి, మీ గరిష్ఠ పీల్చే బలంలో దాదాపు 30 శాతం దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి, కనీసం రెండు వారాలు. స్పైరోమీటర్‌కి, దీనికి తేడా ఏంటంటే అది ఊపిరి లోతు నేర్పుతుంది, ఇది కండరానికి బలం పెంచుతుంది. గుండె ఆపరేషన్లకి, పొట్ట పెద్ద ఆపరేషన్లకి ముందు ఇలా చేసిన వాళ్లలో అటెలెక్టసిస్, న్యుమోనియా తగ్గాయని 2015 కోక్రేన్ సమీక్షలో ఉంది. మామూలు గాల్‌బ్లాడర్ ల్యాప్‌కి ఇది అనవసర ఖర్చు. బరువు తగ్గే ఆపరేషన్, క్యాన్సర్ కోసం పెద్ద ల్యాప్, సీఓపీడీ ఉన్న మనిషి, పెద్ద వయసులో బలహీనంగా ఉన్నవాళ్లు, వీళ్లకి పెట్టిన డబ్బు వృథా కాదు. సొంతంగా ఆన్‌లైన్‌లో కొని స్ప్రింగ్ గట్టిగా తిప్పేయకండి, బలం కొలిపించుకుని మొదలుపెట్టండి.

పొగ సంగతి. ఆపరేషన్‌కి నెల ముందే మానేస్తే చాలా మంచిది, వారమే ఉన్నా మానేయండి. ఉత్తరాంధ్రలో అడ్డచుట్ట తాగే పెద్ద వయసు ఆడవాళ్లని "పొగ తాగుతారా" అని చాలాసార్లు ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. దశాబ్దాలు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న అమ్మమ్మలదీ అదే పరిస్థితి, బీడీ ముట్టకపోయినా ఊపిరితిత్తులు పాడై ఉండొచ్చు. అడగకపోయినా మీరే అనస్థీషియా డాక్టర్‌కి చెప్పండి.

సీపాప్, ఆక్సిజన్: ఇవి మీరు ఎంచుకునేవి కావు, కానీ తెలిసి ఉండాలి

సీపాప్ అంటే మాస్కుతో నిరంతరం ఒత్తిడిగా గాలి పంపడం. పెద్ద పొట్ట ఆపరేషన్ తర్వాత ఆక్సిజన్ పడిపోయిన వాళ్లకి ఆక్సిజన్‌తో పాటు సీపాప్ కూడా ఇస్తే మళ్లీ గొంతులో గొట్టం వేయాల్సి వచ్చింది 1 శాతం మందికి, ఆక్సిజన్ ఒక్కటే ఇస్తే 10 శాతానికి, ఇటలీలో 2005లో తేలిన సంగతి. అలాగని ముందు జాగ్రత్తగా అందరికీ పెడితే? దాదాపు 4,800 మందితో 2021లో వచ్చిన పెద్ద పరీక్షలో లాభం కనపడలేదు. కాబట్టి "మా వాళ్లకి ఎందుకు పెట్టలేదు" అని గొడవపడాల్సిన పని లేదు, పెట్టారంటే పరిస్థితి చేయి దాటిందనీ కాదు. గురక, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండి ఇంట్లో సీపాప్ వాడేవాళ్లు మాత్రం ఆపరేషన్‌కి వచ్చేటప్పుడు మీ మెషీన్ వెంట తెచ్చుకోండి, మొదటి రాత్రి నుంచే కావాలి.

నొప్పి మందు, బెల్టు

నొప్పి మందు వేసుకోకుండా ఓర్చుకోవడం గొప్ప కాదు, నొప్పితో లోతైన ఊపిరి రాదు. డాక్టర్ రాసిన పారాసెటమాల్ టైముకి వేసుకుని, దాని పని మొదలయ్యాక, అంటే అరగంట ముప్పావుగంట తర్వాత, వ్యాయామం, నడక పెట్టుకోండి. బలమైన మత్తు నొప్పి మందులు ఇంటికిస్తే, ముఖ్యంగా గురక ఉన్నవాళ్లకి, రాత్రుళ్లు తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి, నిద్రమాత్రలు కలపకండి.

పొట్ట బెల్టు చిన్న రంధ్రాల ఆపరేషన్‌కి సాధారణంగా అక్కర్లేదు. పొట్ట ముందుభాగం హెర్నియాకి సర్జన్ పెట్టమంటే పెట్టుకోండి, కానీ డొక్కల మీదకి ఎక్కించి బిగించకండి. ఊపిరి వ్యాయామం అప్పుడు వదులు చేయవచ్చా అని అడిగి వదులు చేయండి.

మీ మనిషికి ఏది?

నలభై ఏళ్ల ఆరోగ్యవంతుడు, హెర్నియా లేదా అపెండిక్స్: నడక, రెండు రోజులు లోతైన ఊపిర్లు, ఏమీ కొనొద్దు. యాభై ఏళ్ల అమ్మగారు, కాస్త బరువు, గాల్‌బ్లాడర్: పొట్టతో ఊపిరి గంట గంటకీ, దగ్గర కూర్చుని చేయించే మనిషి, ఇంట్లో బంతులుంటే ఒక్క బంతి పద్ధతిలో. చేయించే మనిషి లేకపోతే పిస్టన్ రకం కొనండి, గీత ఎంతకి వచ్చిందో సాయంత్రం ఫోన్‌లో అడగొచ్చు, అమెరికాలో ఉన్న పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది. వంద కిలోలు దాటి బరువు తగ్గే ఆపరేషన్‌కి వెళ్తున్నవాళ్లు, సీఓపీడీ ఉన్నవాళ్లు: ముందుగా ఫిజియో, వీలైతే ఐఎంటీ, గురక ఉంటే నిద్ర పరీక్ష గురించి అడగడం, ఆపరేషన్ తర్వాత ఇంటికి తొందరపడకుండా ఒక రోజు అదనంగా ఉండమంటే ఉండటం. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకి ఏ పరికరమూ ఇవ్వకండి, కుర్చీలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పించండి, భజన పాటలు పాడేవాళ్లయితే పాడించండి, ప్రతి చరణానికి ముందు పెద్ద ఊపిరి తీసుకోక తప్పదు.

ఇంట్లో ఆక్సిజన్ ఎప్పుడూ ఉండే దానికంటే తగ్గి 92, 94 మధ్య ఉంటే ముందు కూర్చోబెట్టండి, పది లోతైన ఊపిర్లు, ఒక దగ్గు, మళ్లీ చూడండి. పెరిగితే అది మూసుకున్న గదుల పనే కావచ్చు, గంట గంటకీ కొనసాగించండి. పెరగకపోతే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఫోన్. 92 కంటే తగ్గి నిలిస్తే ఆసుపత్రికి బయలుదేరండి, 90 కంటే తగ్గితే 108. సీఓపీడీ ఉన్నవాళ్ల అంకెలు వేరు, వాళ్లకి 88 నుంచి 92 కూడా సరైనదే కావచ్చు, డిశ్చార్జ్ రోజునే "మాకు ఎంత దాకా ఫర్వాలేదు" అని డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. అంకె ఎంత ఉన్నా సరే, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ఒక పిక్క వాచి నొప్పి, తెమడలో రక్తం, చలిజ్వరంతో పచ్చటి కఫం, పొట్ట గట్టిపడి ఉబ్బరం, లేపినా సరిగ్గా లేవనంత మగత, వీటిలో ఏది కనపడినా వ్యాయామాలు చేయిస్తూ కూర్చోవద్దు, వెంటనే తీసుకెళ్లండి.

ఎన్నాళ్లు చేయాలంటే, మెట్లెక్కినా ఆయాసం రాకుండా, పడుకున్నప్పుడు పొట్ట మామూలుగా లేస్తూ పడుతూ ఉంటే ఇక గంట గంటకీ చేయనక్కర్లేదు. చాలామందికి వారం లోపే అది వస్తుంది. పొట్ట కదలకుండా భుజాలే లేస్తున్నాయంటే డిశ్చార్జ్ అయి ఎన్ని రోజులైనా ఇంకా మానకండి, తర్వాతి చెకప్‌లో ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి.